మాండవ్యుని మౌనము - పులిపాడు గడ్డివామి

ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. ఆ ముని తన ఆశ్రమద్వారమున, చెట్టు క్రింద, చేతులు పైకెత్తి మౌనవ్రతముతో తపస్సు చేసికొనుచుండెను. కొందఱు దొంగలు దోచిన సొమ్ముతో పరుగెత్తి వచ్చి, వెంట తఱుముచున్న రాజభటులకు వెఱచి, ఆ ఆశ్రమమున దాగిరి. సొమ్మును గూడ అందే దాచిరి. భటులు వచ్చి, దొంగలు ఎటు పోయిరని మునిని అడిగిరి. ముని పలుకలేదు. భటులు ఆశ్రమమును వెదకిరి. దొంగలు దొరకిరి, సొమ్మును దొరకెను. ఇక సందేహమేల? మునియు వారిలోనివాడే యని రాజునొద్దకు కొనిపోయిరి. రాజు విచారింపలేదు. దొంగలతోపాటు మునిని గూడ శూలమున వేయించెను.

తరువాత రాజు తన తప్పు తెలిసికొని ముని కాళ్ళపై బడెను. కాని దిగిన శూలము వెలికి రాలేదు. దానిని నఱికించిరి, మిగిలిన ముక్క ఆయన శరీరముననే యుండిపోయెను. ఆనాటినుండి ఆయన ఆణిమాండవ్యుడు. క్షమాపణము చెప్పుట రాజునకు సాధ్యమైనది గాని, శూలమును తీయుట సాధ్యము కాలేదు. ఈ కథలో నన్ను ఎల్లప్పుడును కలచివేయునది ఈ ముక్కయే.

పలమనేరులో ఈ కథను తరగతిలో చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "అయ్యా, సొమ్ము ఆశ్రమములోనే దొరకినది గదా! భటుల తప్పేమున్నది?" అని అడిగెను. ఆ ప్రశ్నకు నేను సమాధానము వెదకుకొనునంతలో వెనుక బల్లనుండి మఱొకడు, "నాలుగు తగిలించియుండినచో మౌనము విడిచి నిజము చెప్పియుండెడివాడు" అనెను. తరగతి అంతయు నవ్వెను. నాకు నవ్వు రాలేదు. ఆ బాలురు చెడ్డవారు కారు. చలనచిత్రములలో పోలీసు అధికారి లాఠీ యెత్తగానే నిజము బయటపడుట వారు నూఱుసార్లు చూచినారు. నూఱుసార్లు చూచినది నిజమని తోచుట సహజము.

కాని ఆ ఇద్దఱును అడిగిన ప్రశ్నలు చిన్నవి కావు. సొమ్ము దొరకినచో చాలునా? నిందితుడు ఒప్పుకొన్నచో చాలునా? మన దేశమున నేరపరిశోధనకు సంబంధించిన న్యాయమంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది. వీనికి సమాధానములు కనుగొనుటలో మన తెలుగునేలకు గొప్ప పాలు కలదు. ఆ సంగతి న్యాయవాదులకు తెలియును గాని, ఉపాధ్యాయులకును విద్యార్థులకును అంతగా తెలియదు. ఈ వ్యాసమునకు అదియే కారణము.

కొరడా ఎదుట చారుదత్తుడు

ముందుగా రెండవ బాలుని ప్రశ్నను తీసికొందము. దెబ్బలకు నిజము వచ్చునా? శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ అంకము న్యాయసభ. వసంతసేనను చంపెనని చారుదత్తునిపై శకారుడు నేరము మోపినాడు. సభలోనే శకారునితో పెనుగులాడుచున్న మైత్రేయుని యొడినుండి వసంతసేన నగలు జాఱి నేలబడినవి. నగలు దొరకినవి, అవి అచ్చటికి ఎట్లు వచ్చెనో ఎవ్వరును తిన్నగా విచారింపలేదు. నిజము చెప్పనిచో కఠినములైన కొరడాలు ఆ సుకుమార శరీరముమీద పడునని న్యాయాధికారి చారుదత్తుని హెచ్చరించెను. వసంతసేన లేని బ్రదుకేలయని విరక్తి చెందిన చారుదత్తుడు చేయని నేరమును తలపై వేసికొనెను. వధ్యస్థానమునకు నడిపింపబడెను. ఇంతకును వసంతసేన బ్రదికియే యున్నది!

బ్రదికియున్న మనిషిని చంపితినని ఒక సజ్జనుడు ఒప్పుకొనుట వింత. కాని దానికంటె వింత యేమనగా, ఆ న్యాయాధికారి దుర్మార్గుడు కాడు. చారుదత్తుని యెడ గౌరవము కలవాడే. నగలు దొరకినవి, నిందితుడు ఒప్పుకొన్నాడు; ఈ రెండింటిని కలిపి కూడిక వేసినాడు. కూడిక తప్పినది. కావున మనము భయపడవలసినది దుర్మార్గుడైన అధికారికి మాత్రమే కాదు. మంచి అధికారిని గూడ తప్పుత్రోవ పట్టించు పద్ధతికి భయపడవలెను. మనిషి మంచితనముపై భారము వేయక పద్ధతిని కట్టుదిట్టము చేయుటయే న్యాయశాస్త్రము. ఆ దృష్టి మనకు క్రొత్త కాదు. 13వ శతాబ్దిలోనే కేతన విజ్ఞానేశ్వరీయము పేర వ్యవహారధర్మమును తెలుగున పద్యకావ్యముగా రచించెను.

చెన్నపురి రాజధానిలో ఒక విచారణ

ఇక చరిత్రకు వత్తము. 1850 ప్రాంతమున మన పలమనేరు చెన్నపురి రాజధానిలోని ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను. ఆ జిల్లాకు ముఖ్యస్థానము చిత్తూరు. ఆనాడు శిస్తు వసూలు చేయు తహసీలుదారుని చేతనే పోలీసు అధికారము గూడ నుండెను. శిస్తు కట్టలేని రైతును, దొంగతనము చేసెనని అనుమానింపబడిన కూలిని హింసించు చేతులు ఒక్కటే. ఈ హింసల సంగతి 1854లో బ్రిటిషు పార్లమెంటున చర్చకు వచ్చెను. దానిపై మద్రాసు ప్రభుత్వము ఎలియట్, స్టోక్సు, నార్టన్ అను ముగ్గురితో ఒక విచారణ సంఘమును నియమించెను. వారి నివేదిక 1855లో వెలువడెను.

ఆ నివేదికను చదువుట సులభము కాదు. సుమారు రెండువేలమంది ఫిర్యాదు చేసికొనిరి. కొందఱు జాబులు వ్రాసిరి. కొందఱు దూరప్రాంతములనుండి నడచి వచ్చి తమ గాయములను చూపిరి. కిట్టి యను సాధనమును గూర్చి అందు వర్ణన కలదు. ఒక కొసను కలిపి కట్టిన రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్ళనుంచి, నిమ్మకాయను పిండునట్లు నొక్కుట. మెడను వంచి త్రాటితో కాలి బొటనవ్రేలికి కట్టి ఎండలో నిలుపుట, కంట మిరపపొడి చల్లుట మున్నగునవి మఱికొన్ని. ఇవి మన తాతముత్తాతలు పడిన బాధలు. పల్లెలలో ఈనాటికిని "స్టేషను" అను మాట వినగానే నిరపరాధి గుండె యెందుకు కొట్టుకొనునో, దాని వేళ్ళు ఎంత లోతున నున్నవో ఈ నివేదికను బట్టి కొంత గ్రహింపవచ్చును.

ఆ విచారణ ఫలము ఊరకే పోలేదు. 1859లో చేసిన శాసనముచే మద్రాసు రాజధానిలో పోలీసు శాఖ రెవెన్యూనుండి వేఱుపడెను. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో ఒక క్రొత్త నియమము చేరెను. పోలీసు అధికారితో నిందితుడు చెప్పిన నేరాంగీకారము అతనిపై సాక్ష్యముగా చెల్లదు. 1872 నాటి సాక్ష్యశాసనమున ఇదియే 25వ సెక్షనుగా నిలిచెను. ఆ శాసనమును రూపొందించిన జేమ్సు ఫిట్జ్‌జేమ్సు స్టీఫెన్, భారతదేశమున అనుభవశాలియైన ఒక ఉద్యోగి చెప్పిన సంగతిని తన గ్రంథమున నమోదు చేసినాడు. ఎండలో బడి సాక్ష్యమును వెదకుటకంటె, నీడను కూర్చుండి బీదవాని కంట కారము రుద్దుట సుఖముగా నుండునని ఆ మాటల సారము. హింసకు మూలము క్రూరత్వమే కానక్కఱలేదు, సోమరితనము గూడ కావచ్చునని చెప్పిన ఈ మాట మఱవదగినది కాదు.

వామిలోని బల్లెము

అయితే 1872 శాసనమున 25వ సెక్షను వెనుకనే 27వ సెక్షను కలదు. నిందితుడు పోలీసుల అధీనమున నుండి ఏదేని సమాచారము నీయగా, దానివలన ఒక విషయము బయటపడినచో, ఆ బయటపడిన విషయమునకు స్పష్టముగా సంబంధించినంత మేరకు ఆ మాటలు సాక్ష్యముగా చెల్లును. ద్వారమును మూసినవారే ఒక కిటికీ తెఱచినారన్నమాట. ఆ కిటికీ ఎంత వెడల్పు? దీనికి సమాధానము తెలుగు పల్లెనుండియే రావలసివచ్చెను.

1944 డిసెంబరు నెలాఖరున గుంటూరు జిల్లాలో ఒక కక్షల కొట్లాట జరిగెను. సూర్యాస్తమయవేళ, పులిపాడు చెఱువు మూలను, ఒక పక్షమువారు పొంచియుండి రెండవ పక్షమువారిపై బడిరి. ఇద్దఱు చనిపోయిరి. పోలీసులు కొందఱిని పట్టుకొనిరి. వారిలో నొకడు చెప్పినట్లు వ్రాసికొన్న వాఙ్మూలమున, తాము పొంచియుండుట, కొట్టి చంపుట, తన పక్షమువాని చేతి బల్లెమును తాను తీసికొనుట, ఆ బల్లెమును తన కఱ్ఱను ఊరిలో నొకరి గడ్డివామిలో దాచుట, వచ్చినచో చూపుదుననుట, ఇదంతయు ఎవరి ప్రేరణచే చేసితిమో చెప్పుట, అన్నియు కలవు. వామిని వెదకగా బల్లెము దొరకెను. గుంటూరు సెషన్సు కోర్టు తొమ్మండుగురిని శిక్షించెను. మద్రాసు హైకోర్టు ఆ శిక్షలను స్థిరపఱచెను. కేసు లండనులోని ప్రీవీ కౌన్సిలు వఱకు పోయెను. న్యాయగ్రంథములలో దీని పేరు పులుకూరి కోటయ్య కేసు.

ప్రభుత్వపక్షము వాదము మన తరగతిలోని మొదటి బాలుని వాదమే. బల్లెము దొరకినది గదా! బల్లెమును గూర్చి చెప్పిన మాట నిజమైనప్పుడు, ఆ బల్లెముతో చంపితిమన్న మాట గూడ నిజమే కావలెను. 1946 డిసెంబరులో ప్రీవీ కౌన్సిలు తరఫున సర్ జాన్ బోమాంటు చెప్పిన తీర్పు ఈ వాదమును త్రోసివేసెను. కనుగొనబడిన విషయమనగా వస్తువు కాదు. ఆ వస్తువు ఏ చోట దాగియున్నది, అది అచ్చట నున్నదని నిందితునకు తెలిసియున్నది, ఈ రెండును కలిసినదే విషయము. కత్తిని ఇంటికప్పులో దాచితిని, తెచ్చి యిత్తునని ఒకడు చెప్పినచో, దానివలన లోకమునకు కత్తి క్రొత్తగా తెలియలేదు. కత్తులు ఎన్నడో పుట్టినవి. అది ఆ కప్పులో నున్నదనియు, ఆ సంగతి వానికి ఎఱుకయనియు తెలిసినది. అంతవఱకే సాక్ష్యము. ఆ కత్తితో ఫలానివానిని పొడిచితినను మాట కప్పునుండి దొరకలేదు. కావున అది చెల్లదు.

ఈ సూత్రముచే పులిపాడు వాఙ్మూలమును చూడుడు. బల్లెమును కఱ్ఱను వామిలో దాచితిని, వచ్చినచో చూపుదునను మాట నిలుచును. పొంచియుండితిమి, చంపితిమి, ఫలానివాడు పురికొల్పెను అనునవి కొట్టుడుపడును. ఇట్టి వాఙ్మూలములను మొత్తముగా సాక్ష్యమున చేర్చుట తప్పని తేల్చి, వానిని విడిచి మిగిలిన సాక్ష్యమును మరల తూచుటకై కేసును మద్రాసు హైకోర్టునకు తిప్పి పంపిరి. ఆ కేసులోనే మఱొక సంగతియు చర్చకు వచ్చెను. పోలీసు అధికారి సాక్షులను విచారించి తన నోటుబుక్కులో వ్రాసికొన్న మాటల నకళ్ళు ముద్దాయిల న్యాయవాదులకు సకాలమున అందలేదు. ఆ ఆలస్యము ఈ కేసును చెఱుపలేదని న్యాయమూర్తులు చెప్పినను, ఆ నకళ్ళు ముద్దాయికి విలువైన హక్కనియు, దానిని నిరాకరించుట శాసనోల్లంఘనమనియు స్పష్టము చేసిరి.

ఈ తీర్పు వచ్చి ఎనుబది యేండ్లు కావచ్చినది. సామ్రాజ్యము పోయినది, ప్రీవీ కౌన్సిలు అధికారము పోయినది. 2024 జూలై 1వ తేదీనుండి 1872 నాటి శాసనము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినది. పాత 25, 26, 27 సెక్షనులు అందు 23వ సెక్షనున ఒక్కచోట చేరినవి. కాని కాశ్మీరమునుండి కన్యాకుమారి వఱకు ఏ సెషన్సు కోర్టునందైనను కత్తియో కఱ్ఱయో నిందితుడు చూపగా దొరకెనని పోలీసులు చెప్పినప్పుడు, న్యాయవాది నోట మొదట వెలువడునది ఈ తెలుగువాని పేరే. పులిపాడు గడ్డివామి ఈ దేశపు న్యాయశాస్త్రమున అట్లు నిలిచిపోయినది.

ఇప్పుడు మాండవ్యుని కథను మరల చదువుడు. సొమ్ము ఆశ్రమమున దొరకెను, నిజమే. కాని అది అచ్చట నున్నదని మునికి తెలియునా? ఆయన నోరు విప్పి చెప్పగా దొరకినదా? కాదు. భటులు వస్తువును చూచిరి; ఎఱుకను చూడలేదు. మొదటి బాలుని ప్రశ్నకు సమాధానమిది.

రాజ్యాంగము, ఒక తెలుగు న్యాయమూర్తి

1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. అంతవఱకు శాసనసభ దయచే నున్న రక్షణలు కొన్ని అప్పటినుండి ప్రాథమిక హక్కులైనవి. నేరారోపణ పొందినవానిని తనకు తానే ప్రతికూలసాక్షిగా నుండుమని నిర్బంధింపరాదని 20వ అధికరణము మూడవ భాగము చెప్పుచున్నది. శాసనసమ్మతమైన విధానమున దప్ప ఎవ్వరి ప్రాణమును స్వేచ్ఛను హరింపరాదని 21వ అధికరణము. పట్టుకొన్నవానికి కారణము చెప్పవలెను, వకీలును సంప్రదింపనీయవలెను, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెను అని 22వ అధికరణము. మాండవ్యుని మౌనము ఇట్లు ఇరువదవ శతాబ్దిలో ఒక హక్కైనది. మౌనము నేరాంగీకారము కాదు.

మఱి 27వ సెక్షను ఈ హక్కుకు విరుద్ధము కాదా? 1961లో పదునొకండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము కాఠీ కాలు ఓఘడ్ కేసున దీనిని విచారించెను. నిర్బంధము లేక ఇచ్చిన సమాచారమైనచో హక్కునకు భంగము లేదు. నిర్బంధించి రాబట్టినచో భంగము కలదు. వ్రేలిముద్రలు, చేవ్రాత నమూనాలు తీసికొనుట మాత్రము సాక్ష్యము చెప్పించుట కాదనిరి. 2010లో సెల్వి కేసున, మనిషి సమ్మతి లేక మందు నెక్కించి మనసులోని మాట రాబట్టు నార్కో పరీక్షలు చెల్లవని అదే కోర్టు తేల్చెను. నాలుకను బలవంతపెట్టరాదన్న నియమము మనసునకును విస్తరించెను.

ఈ చరిత్రలో ఒక తెలుగు న్యాయమూర్తిని స్మరింపక ముందుకు పోరాదు. కోకా సుబ్బారావుగారు 1902లో జన్మించిరి. 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టునకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టునకు పోయి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి యైరి. 1960లో దేవమన్ ఉపాధ్యాయ కేసున నలుగురు న్యాయమూర్తులు 27వ సెక్షను సమానత్వ హక్కునకు విరుద్ధము కాదనగా, సుబ్బారావుగారొక్కరే విరుద్ధమనిరి. కస్టడీలో నున్నవాని మాట చెల్లుట, కస్టడీలో లేనివాని మాట చెల్లకపోవుట అను భేదమునకు న్యాయమైన ఆధారము కనబడదని వారి వాదము.

1962లో ఖరక్ సింగ్ కేసు వచ్చెను. ఒక దోపిడి కేసున సాక్ష్యము చాలక విడువబడిన మనిషి అతడు. అయినను పోలీసులు అతనిపై చరిత్రపత్రము తెఱచిరి. రాత్రులు తలుపు తట్టి యింట నున్నాడా యని చూచుచుండిరి. అతని రాకపోకలపై కన్నుంచిరి. రాత్రివేళ ఇంటికి వచ్చి తట్టుట మాత్రము తప్పని అధికసంఖ్యాకులు చెప్పిరి. సుబ్బారావుగారు, వారితో కలిసిన షా గారు, ఆ నిఘా నియమములన్నియు చెల్లవనిరి. ఏకాంతమునకు భంగము లేక బ్రదుకుట మనిషి స్వేచ్ఛలో ముఖ్యభాగమని వారి అభిప్రాయము. ఆనాడది ఓడిన అభిప్రాయము. 2017 ఆగష్టు 24న పుట్టస్వామి కేసున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమిక హక్కని ప్రకటించి, సుబ్బారావుగారి మాటయే సరియైనదనిరి. ఏబది యైదేండ్లకు ఓడినవారు గెలిచిరి. ఒక్కరి అభిప్రాయము ఓడినంత మాత్రమున తప్పు కాదని విద్యార్థులకు చెప్పుటకు ఇంతకంటె మంచి పాఠము నాకు తెలియదు.

నిత్యజీవితమున ఈ నియమములు

కోర్టుల మాట విడిచి వీథిలోనికి వత్తము. మన పలమనేరు మూడు రాష్ట్రముల కూడలి. ఒక త్రోవ ముళబాగిలు మీదుగా బెంగుళూరునకు పోవును; ఒకటి కౌండిన్య అడవి దాటి గుడియాత్తమునకు పోవును. సరుకు దాటును, మనుష్యులు దాటుదురు, కేసులును దాటును. ఇట్టి చోట పొరుగు రాష్ట్రపు పోలీసులు వచ్చి ఒకనిని తీసికొనిపోవుట వింత కాదు. అట్టి సమయమున 24 గంటల నియమము మిక్కిలి విలువైనది. మేజిస్ట్రేటు వద్దకు ప్రయాణమునకు పట్టు కాలమును రాజ్యాంగము మినహాయించినది. కాని అవసరమైన ప్రయాణకాలమునే మినహాయించినది. త్రోవలో ఎచ్చటనో బసచేయించి ఉంచిన కాలమును కాదు. ఇరువదినాలుగు గంటలలో తమ కోర్టునకు చేర్చలేనిచో, పట్టుకొన్న చోటనే దగ్గఱి మేజిస్ట్రేటును ఆశ్రయించి అనుమతి పొందవలెను. మనిషి ఎచ్చట నున్నాడో ఒక న్యాయమూర్తికి తెలిసియుండవలెను. తెలియని చోటనే చీకటి పనులు జరుగును.

1986లో డి. కె. బసు అను న్యాయవాది, స్టేషనులలో మరణములను గూర్చి పత్రికలలో చదివి సుప్రీంకోర్టునకు ఒక ఉత్తరము వ్రాసిరి. దానినే వ్యాజ్యముగా స్వీకరించి, 1996 డిసెంబరులో కోర్టు పదునొకండు సూచనలిచ్చెను. పట్టుకొను అధికారి తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరింపవలెను. పట్టుకొన్న సమయము, తేదీ వ్రాసిన పత్రముపై బంధువో ఊరి పెద్దమనిషియో సాక్షిసంతకము చేయవలెను. మిత్రునకో బంధువునకో కబురు పంపవలెను. నిర్బంధమున నున్నంతకాలము 48 గంటల కొకసారి వైద్యపరీక్ష చేయింపవలెను. ఒక ఉత్తరము ఇంతపని చేసినది. ఉత్తరములు వ్రాయుట నేర్పు ఉపాధ్యాయులు దీనిని గమనింతురు గాక.

2024 జూలైనుండి క్రిమినల్ ప్రొసీజరు కోడునకు బదులుగా భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులో నున్నది. అందలి కొన్ని నియమములు ప్రతి కుటుంబమునకును తెలియదగినవి. పదునైదేండ్లలోపు బాలుని, అఱువదేండ్లు దాటిన పురుషుని, ఏ స్త్రీని గాని, వికలాంగుని గాని, తీవ్రవ్యాధి గలవానిని గాని సాక్ష్యము కొఱకు స్టేషనునకు రమ్మని నిర్బంధింపరాదు. వారి నివాసముననే విచారింపవలెను. విచారణలో సాక్షి చెప్పగా పోలీసులు వ్రాసికొన్న మాటలక్రింద సాక్షి సంతకము చేయనక్కఱలేదు, చేయింపరాదు. స్త్రీని సూర్యాస్తమయము తరువాత సూర్యోదయమునకు ముందు, అసాధారణ పరిస్థితిలో దప్ప, పట్టుకొనరాదు. ఏడేండ్లలోపు శిక్ష గల నేరములలో అవసరము లేక అరెస్టు చేయరాదు. హాజరుకమ్మని నోటీసు ఈయవలెను. ఇల్లు సోదా చేసి వస్తువులు స్వాధీనము చేసికొనునప్పుడు దృశ్యశబ్దములను చిత్రీకరింపవలెను. ఇది పాటింపబడినచో వామిలోని బల్లెము నిజముగా వామిలోనే దొరకెనా యన్న సందేహమునకు తావుండదు.

పోలీసుల పక్షము

ఈ నియమములన్నియు దొంగకే మేలు చేయునవి, నష్టపడినవాని గతి యేమని కొందఱందురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కూతురు చనిపోయిన తల్లికి, నిందితుని మౌనహక్కును గూర్చి ఉపన్యసించుట క్రూరముగా తోచును. కాని రాజ్యాంగమార్గము ఆమెకును కొన్ని హక్కులిచ్చినది. విచారింపదగిన నేరము తెలియగానే ప్రథమ సమాచార నివేదిక తప్పక నమోదు చేయవలెనని 2013లో లలితాకుమారి కేసున సుప్రీంకోర్టు విధించెను. మా పరిధి కాదు, పొమ్మని త్రిప్పి పంపరాదు. నేరము ఎచ్చట జరిగినను ఏ స్టేషనునందైనను ఫిర్యాదు తీసికొనవలెనని నేటి సంహిత చెప్పుచున్నది. ఆ నివేదిక నకలు ఫిర్యాదికి ఉచితముగా ఈయవలెను. ఇంతకును ఆ తల్లికి కావలసినది ఎవడో ఒకడు ఒప్పుకొనుట కాదు, చేసినవాడు దొరకుట. కొట్టి ఒప్పించినచో కేసు మూతపడును గాని, అసలు హంతకుడు వీథిలో తిరుగుచునే యుండును.

పోలీసుల కష్టమును గూడ తలపవలెను. జాతరకు బందోబస్తు వారే. రోడ్డు ప్రమాదమునకు పరుగెత్తువారు వారే. పొలముగట్టు తగవు తీర్పుమని మనము పిలుచునది వారినే. ఆ నడుమ హత్యకేసు పరిశోధనయు వారిదే. తొందరగా తేల్చుమని పైవారును, పత్రికలును, మనమును ఒత్తిడి చేయుదుము. ఆ ఒత్తిడి చివరకు ఎవరి వీపున దిగునో మనము ఆలోచింపము. నేరపరిశోధనను శాంతిభద్రతల కాపలానుండి వేఱుచేయుడని 2006లో ప్రకాశ్ సింగ్ కేసున సుప్రీంకోర్టు చెప్పెను. ఎండలో తిరిగి సాక్ష్యము వెదకుటకు మనుష్యులను, కాలమును, సాధనములను ఈయనిదే, నీడను కూర్చుండవద్దని మాత్రము చెప్పుట ధర్మము కాదు.

అయినను ఒక గీత కలదు; దానిని ఎవ్వరును దాటరాదు. 2015 ఏప్రిల్ 7న మన చిత్తూరు జిల్లాలోనే, నేడు తిరుపతి జిల్లాలో చేరిన శేషాచలపు అడవిలో, తమిళనాటి కూలీలు ఇరువదిమంది పోలీసు కాల్పులలో మరణించిరి. ఎఱ్ఱచందనము నఱుకవచ్చి తమపై బడగా ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసులనిరి. పట్టుకొని చంపిరని హక్కుల సంఘములవారనిరి. ఏది నిజమో తేల్చుట నాపని కాదు. పత్రికలు చదువు మనలో నెవ్వరి పనియు కాదు. దానికొక పద్ధతి కలదు. ఇట్టి మరణములన్నిట కేసు నమోదు చేయవలెననియు, ఆత్మరక్షణ యన్నది కోర్టున తేలవలసిన మాటయనియు 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పెను. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపినను, 2014లో తానే పదునాఱు మార్గసూత్రములిచ్చి, కేసు నమోదును, వేఱొక స్టేషనువారిచేతనో సి. ఐ. డి. చేతనో స్వతంత్రపరిశోధనను, మేజిస్ట్రేటు విచారణను తప్పనిసరి చేసెను. చెట్టు నఱికినవానికి శాసనమున శిక్ష కలదు. ఆ శిక్షను విధించువాడు న్యాయాధిపతి.

ఇట్టి వార్తలు వచ్చినప్పుడు విచారణకు ముందే చప్పట్లు కొట్టువారిని చూచితిని. వారిలో చదువుకొన్నవారును గలరు. వారిని తలచుకొన్నప్పుడు నాకు మాండవ్యుని రాజు జ్ఞాపకము వచ్చును. అతడు చెడ్డరాజని భారతము చెప్పలేదు. తొందరపడినాడు, అంతే.

కథకు మిగిలిన భాగము తరగతిలో మఱునాడు చెప్పితిని. మాండవ్యుడు నేరుగా యమధర్మరాజును నిలదీసి, నాకీ శిక్ష యేలయని అడిగెను. బాల్యమున పురుగులను పుల్లతో పొడిచిన పాపమునకని యముడనెను. తెలియని వయసున చేసిన చిన్న తప్పునకు ఇంత శిక్షయా యని ముని కోపించి, నీవు భూలోకమున శూద్రగర్భమున పుట్టుమని శపించెను. ఆ యముడే విదురుడు. అంతటితో ఆగక, పదునాలుగేండ్లలోపు చేసినది పాపము కాదని క్రొత్త మర్యాద నిలిపెను. శిక్ష విధించు ధర్మదేవతయైనను సమాధానము చెప్పవలసినవాడే. మన రాజ్యాంగము స్టేషను గోడపై వ్రాయదలచినది ఇదియే.

వెనుక బల్లమీది బాలుడు ఈసారి నవ్వలేదు. "అయితే, అయ్యా, ఆ భటులు ఏమి చేసియుండవలసినది?" అని అడిగెను. ఆ ప్రశ్న నాకు నచ్చినది. సొమ్మును దొంగలను పట్టుట సరియే. మునిని గూర్చి మాత్రము దొంగలను అడుగవలసినది, చుట్టుపట్లవారిని అడుగవలసినది, ఆయన ఎంతకాలమునుండి అట్లు నిలిచియున్నాడో తెలిసికొనవలసినది అని చెప్పితిని. అది ఒకటి రెండు దినముల పని. ఆ రెండు దినములు ఓపిక పట్టియున్నచో ఆ శూలము దిగియుండెడిది కాదు.